శరభంమీద పుట్ర

పుస్తకం పేరు చెప్పను. చెబితే ఎవరైనా కొంటారేమోనని భయం.

వివరాలు మాత్రం ఇవి. ఫాంటసీ నవల. మహేంద్రగిరిని పోలిన కొండ, కొండ గుహలో మాట్లాడే పులి, పులిని లొంగదీసుకోవాలనుకునే మంత్రగాడు. డెమ్మీ సైజు, 70 జీఎస్ఎం కాగితం, 200 కాపీలు, ఖర్చంతా సొంతం. మొన్న ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, పర్లాకిమిడిలో ఆవిష్కరణ. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో, ఆయన పుట్టినరోజున, వాడుక భాషలో రాసిన నవల. ముహూర్తం ఇంతకన్నా బాగా కుదరదని నేనే పెట్టాను.

సొంతంగా అచ్చేసుకునేవాడికి రాయడం చిన్న పని. మిగతాదే పెద్ద సంసారం. ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే పదమూడు అంకెల సంఖ్యకి, దరఖాస్తు పెట్టుకోవాలి. అది ఉచితమే, రాజా రామ్మోహన్ రాయ్ పేరున్న జాతీయ ఏజెన్సీ ఢిల్లీ నుంచి ఇస్తుంది. ఆ పదమూడు అంకెల్లో చివరిది తనిఖీ అంకె. ముందున్న పన్నెండు అంకెల్నీ వరసగా ఒకటితో, మూడుతో, మళ్ళీ ఒకటితో, మూడుతో గుణించుకుంటూ కూడితే వచ్చే మొత్తాన్ని పదులకు సరిచేసే అంకె అన్నమాట. పన్నెండింటిలో ఒక్కటి తప్పు కొట్టినా లెక్క తేలదు, వెంటనే దొరికిపోతుంది. పులికి అలాంటి తనిఖీ అంకె పెట్టాలని ఏ ప్రభుత్వానికీ తోచలేదు.

ప్రూఫులు మూడుసార్లు చూశాను. 239 పేజీలు తేలింది. ఫారమంటే ఒక్క పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచే కట్ట. ఫారానికి పదహారు పేజీల లెక్కన పదిహేను ఫారాలంటే 240, ఒక్క పేజీ ఖాళీ. అదృష్టమంటే ఇదే అనుకుంటూ ఉండగా మా బావ ఫోన్ చేశాడు.

బావది పాతపట్నం. ఇక్కడ బస్సెక్కి టికెట్టు చిల్లర తీసుకునేలోపు వాళ్ళ ఊరు వచ్చేస్తుంది, అంచేత ఆయన సలహాలు కూడా తొందరగానే చేరతాయి. రెండు నెలల క్రితం చదవమని ఇచ్చిన ఫైలు, ప్రెస్సుకి పోయే ముందు రోజు రాత్రి తెరిచాడట. "పులేటి బావా? పులి జూలో కూడా ఉంటాది. ఫాంటసీ అన్నాక గండభేరుండమో శరభమో ఉండాలి గానీ!" అన్నాడు. నిజమే అనిపించింది. రాత్రి పదకొండింటికి ఏది చెప్పినా నిజమే అనిపిస్తుంది. గండభేరుండం పెడితే పేజీలు పెరిగిపోతాయని శరభానికి ఒప్పుకున్నాను.

డీటీపీ కుర్రాడు ఒడియా అబ్బాయి. తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవడం రాదు. నా ఒడియా కూడా అంతే కాబట్టి ఆ విషయంలో నేనేమీ అనను. రెండు మాటలూ వాట్సాప్‌లో పంపి, "ఫైల్లో ఈ మొదటి మాట ఎక్కడున్నా తీసేసి రెండోది పెట్టెయ్" అన్నాను.

"అన్నీ ఒకేసారా సార్?"

"అన్నీ."

"ఆగ్యా, హెబొ." సరే సార్, అవుతుంది అని.

అరనిమిషం పట్టింది. 418 చోట్ల మారిందని తెర మీద వచ్చిన లెక్కని ఫొటో తీసి పంపాడు. నా అంచనాలో నవల మొత్తం మీద పులి మూడువందల సార్లకి మించి లేదు. మిగతా నూట చిల్లర పులులు ఎక్కడివని అడగాలి కదా? అడగలేదు. ఎంత పులిని సృష్టించాను అనుకుని పడుకున్నాను.

అచ్చు, బైండింగు, ఆటోలో కట్టలు, హాలు, బ్యానరు. ఇవన్నీ వదిలేయండి.

పుస్తకంలో ఓ పుట చదివి వినిపించడానికి రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన్ని పిలిచాను. నియమం గల మనిషి. అచ్చులో ఏముంటే అదే చదువుతారు, సున్నా ఎక్కువైతే సున్నాతో సహా. నేను గుర్తు పెట్టి ఇచ్చిన పుట కాదని, పుస్తకం నిలబెట్టి వదిలితే ఎక్కడ తెరుచుకుంటే అక్కడ చదవడం తన పద్ధతని చెప్పి, వదిలారు. 37వ పుట తెరుచుకుంది. కొత్త బైండింగులో జిగురు ఎక్కడ వదులుగా ఉంటే పుస్తకం అక్కడే తెరుచుకుంటుంది, ఇందులో దైవలీల ఏమీ లేదు.

"మంత్రగాడు గుడి మెట్ల దగ్గర," అని మొదలెట్టి ఆగారు. కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ ఒత్తి పలుకుతూ, "చె-ప్శ-ర-భం-ప్పి లోపలికి వెళ్ళాడు" అన్నారు.

హాలు నిశ్శబ్దం. నేను రాసింది "చెప్పులిప్పి లోపలికి వెళ్ళాడు" అని.

ఈ ఒక్క మాట దగ్గర కాస్త ఆగాలి, నాకు మాత్రం రెండ్రోజులుగా ఇక్కడే ఆగిపోయింది. కంప్యూటరు మనలా అక్షరాన్ని చూడదు, ముక్కల్ని చూస్తుంది. "ప్పు" అంటే దానికి నాలుగు ముక్కలు: ప, పొల్లు, ఇంకో ప, కొమ్ము. కంటికి వత్తుగా కనబడే ప ఉంది చూశారూ, దాని లెక్కలో అది నిండు ప. ఆ ప-కొమ్ము వెనకే "లి" వస్తే ఇంకేం, పులి తయారు. చెప్పుల్లో పులి ఉందని మనకి తెలీదు గానీ దానికి తెలుసు. పట్టుకుని ఎత్తుకుపోయి ఆ ఖాళీలో శరభాన్ని కూర్చోబెడితే, ముందు మిగిలిపోయిన పొల్లు ఊరుకోదు, వచ్చిన శకారాన్ని తన కింద వత్తుగా వేలాడదీసుకుంటుంది. అలా పుట్టింది ప్శ. తెలుగులో ఈ ధ్వనిని మొదటిసారి పలికినవారు మా మాస్టారేనని నా నమ్మకం.

ఇంకా బాధేమిటంటే, "చెప్పులు విడిచి" అని రాసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. అందులో పులి లేదు. పదాలు కలిపేసి "చెప్పులిప్పి" అని వాడుక భాషలో రాశాను కాబట్టే పులి దూరింది. పంతులుగారి జయంతి నాడు, పంతులుగారి ఊళ్ళో, గ్రాంథికమే నయమనిపించుకున్నాను.

మాస్టారు ఇది మంత్రమనుకున్నారు. మంత్రగాడు, గుడి, మెట్లు ఉన్నాయి కదా, అనుకోవడంలో తప్పు లేదు. మరోసారి, ఈసారి స్వరం పెంచి, "చెప్శరభం!" అన్నారు. వెనక వరసలో వీరభద్రుడి సంబరాల్లో పాల్గొనే పెద్దాయన ఒకరు అప్పటిదాకా కునుకు తీస్తున్నారు. ఉలిక్కిపడి లేచి, చేతులెత్తి, "అశ్శరభ శరభ!" అని గర్జించారు. ఆయన పక్కనున్న ఇద్దరు "దశ్శరభ శరభ!" అందుకున్నారు. ముందు వరసలో ఓ ముసలావిడ లెంపలేసుకుంది. నేను వేదిక మీద చేతులు కట్టుకుని, ఇదంతా నేను ఉద్దేశించిందే అన్నట్టు తలూపాను. ఇంకేం చెయ్యమంటారు?

మాస్టారు ఉత్సాహపడ్డారు. తర్వాతి వాక్యం: "నుదుటి నిండా విభూతి శరభంమాడు." పులిమాడు అని రాశాను. విభూతి పెట్టుకుంటే శరభం ఎందుకు మాడిందో సభకి అర్థం కాలేదు, కానీ జాలిపడ్డారు. ఆ తర్వాత మంత్రగాడి ముక్కు మీద "శరభంపిరి". ఆ తర్వాత ఊరివాళ్ళకి "అప్శరభంచ్చి" పొలాలు లాక్కున్న షావుకారు. ఆ తర్వాత పూజారి వచ్చి దొప్పలో ప్రసాదం పెట్టాడు: "శరభంహోర."

సరిగ్గా అప్పుడే హాలు వెనక గదిలోంచి ఇంగువ తాలింపు వాసన వచ్చింది. వచ్చినవాళ్ళకి పెట్టడానికి నిజం పులిహోర అరవై దొప్పలు చేయించాను. ఒక్కసారి అందరికీ వెలిగింది. ఇక సభ సభలా లేదు. "బాబూ, శరభంహోర ఇంకో దొప్ప ఇటు" అని వాళ్ళు, "శరభంసిన మజ్జిగ కూడా ఉందేటి?" అని వీళ్ళు. మా బావ రెండు దొప్పలు తిన్నాడు. పుస్తకం కొనలేదు.

ఇలాంటప్పుడు తెలిసినవాళ్ళు ఒకరు తప్పకుండా వస్తారు. "మొత్తం పదాన్నే వెతకమని ఓ మీట ఉంటుంది కదండీ, అది నొక్కించాల్సింది" అన్నాడు ఒకాయన. ఆ మీట ఇంగ్లీషుకి. తెలుగులో పులి ఒంటరిగా ఎక్కడ తిరుగుతుంది? పులిని, పులికి, పులితో, పులిలా, పులే, పులైతే. మొత్తం పదమే కావాలంటే వీటిలో ఒక్కటీ దొరకదు. వద్దంటే చెప్పుల్లోకి పోతుంది. పైగా పులి ఇకారంతో ఆగే మాట, శరభం సున్నాతో ఆగే మాట, రెండూ ఒకే కులం కాదు. పులికి అంటే బాగానే ఉంటుంది, శరభంకి అంటే చిన్నపిల్లల భాష. అది శరభానికి కావాలి, పులిని అన్నది శరభాన్ని కావాలి. జంతువు మారిస్తే విభక్తులన్నీ దాని వెనకాలే మారాలి, ఆ పని ఏ మీటా చెయ్యదు. "పులొచ్చింది" అన్నచోట లి లేదు కాబట్టి పులి పులిగానే వచ్చింది. "పులులు" కూడా మారలేదు. అంచేత నా నవల్లో ఒక్కటైతే శరభం, రెండైతే పులులు. 112వ పుటలో శరభం నీళ్ళలో తన నీడ చూసుకుని "మనం ఇద్దరం పులులం" అంటుంది. అది తత్త్వమని ఓ పాఠకుడు మెచ్చుకున్నాడు, నేను కాదనలేదు.

చెయ్యాల్సింది ఒక్కటే. పేర్లు మార్చాలంటే మొదట్లోనే మార్చుకోవాలి. ముందు కాపీ ఒకటి దాచుకుని, పాత పేరుకి ఉన్న రూపాలన్నీ కాగితం మీద రాసుకుని, పొడుగు రూపాల నుంచి మొదలెట్టి ఒక్కోటీ కంటితో చూసి నొక్కుకుంటూ పోవాలి. లేదా పులి స్థానంలో ఇకారంతో ఆగే మృగాన్నే పెట్టుకుంటే సగం బాధ తప్పుతుంది. సగమే. చెప్పులు ఎలాగూ పోతాయి. ఆఖరి ప్రూఫు అయ్యాక మాత్రం బ్రహ్మదేవుడు ఫోన్ చేసినా ఎత్తకూడదు. మా బావ బ్రహ్మదేవుడేమీ కాదు.

ఇంకోటి. రెండక్షరాల చోట మూడక్షరాలు వచ్చేసరికి లైన్లు జరిగి 239 పేజీలు 243 అయ్యాయి. ఫారం లెక్కలో 240 దాటితే 256. మా ప్రెస్సువాళ్ళు సగం ఫారం వెయ్యరు. ఫలితం, చివర పదమూడు తెల్ల పేజీలు. వెన్ను అర మిల్లీమీటరు పైచిలుకు లావై, అట్ట మీద పేరు ఓ పక్కకి ఒరిగింది. పాత లెక్కకి గీసిన అట్టనే కొత్త పుస్తకానికి తొడిగితే మరేమవుతుంది? పక్కింటి పిన్నిగారు ఆ తెల్ల పేజీల్లో పాల లెక్క మొదలెట్టారు. పుస్తకం ఉపయోగపడింది.

ఇక్కడితో పోయిందనుకుంటే చట్టం ఒకటి ఉంది. 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం, ప్రచురించినవాడు పుస్తకం వెలువడిన ముప్పై రోజుల్లో తన ఖర్చుతో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒకటి, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకి ఒక్కోటి పంపాలి. పైగా నేషనల్ లైబ్రరీకి పంపే కాపీ ఉన్నవాటిలోకెల్లా మంచిది అయి ఉండాలి. నా దగ్గర ఉన్నవాటిలో మంచిదంటే, జిగురు గట్టిగా పట్టి 37వ పుట దగ్గర తెరుచుకోనిది. పంపితే దేశం ఉన్నంతకాలం నా చెప్శరభంప్పి అక్కడ భద్రంగా ఉంటుంది. పంపకపోతే జరిమానా యాభై రూపాయల దాకా, మీద పుస్తకం ఖరీదు. రాత్రి కూర్చుని లెక్కేశాను. జరిమానా భరించగలను అనిపిస్తోంది.

తప్పొప్పుల పట్టిక వేయిస్తే పరువు కొంతైనా దక్కుతుందని మా ఆవిడ అంది. రెండు రాత్రులు కూర్చుని తప్పులన్నీ ఏరాను. నూట పదిహేడు. ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు: శరభంహోర, పులిహోర. చెప్శరభంప్పి, చెప్పులిప్పి. పైన "ఈ పుస్తకంలోని తప్పొప్పులివి" అని శీర్షిక. ఆ డీటీపీ షాపుకే పంపి, 200 కాపీలు తీసి ఉంచమన్నాను.

ఇందాక వెళ్ళాను. కుర్రాడు కట్ట కట్టి సిద్ధంగా పెట్టాడు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది.

"సార్, ఇందులో కూడా ఆ పాత మాట ఉండిపోయింది. మీరు మర్చిపోయారనుకుని నేనే అన్నీ మార్చేశాను."

పైనున్న కాగితం తీసి చూశాను. శీర్షిక: "ఈ పుస్తకంలోని తప్పొప్శరభంవి."