ఆ బ్యాట్ ఫైలు ఫార్వర్డ్ చేసినోళ్లందరికీ

వాట్సాప్ తెరిస్తే చాలు అదే మెసేజ్, దాంతో పాటు ఒక బ్యాట్ ఫైలు, అంటే కంప్యూటర్‌కి వరసగా కమాండ్లిచ్చే చిన్న ఫైలు. పాతపట్నం నుంచి ఒకరు, బరంపురం నుంచి ఒకరు, గుణుపురంలో ఉన్న మా బావైతే గ్రూపులో పెట్టి, మళ్లీ నాకు విడిగా పంపి "ఒరే ఇది నీ షాపుకి బాగా పనికొస్తాది" అని వాయిస్ కూడా పెట్టాడు. "మీ ఫైళ్లు ఎవడూ డిలీట్ చెయ్యలేడు, ఏ వైరస్సూ మార్చలేదు, మైక్రోసాఫ్ట్ దాచిపెట్టిన ఆరు సీక్రెట్లు" అంట. పర్లాకిమిడిలో డీటీపీ చేసుకునేవాణ్ణి, శుభలేఖలు తెలుగులో కొన్ని ఒడియాలో కొన్ని, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో చేసిన ఎప్పటివో ఫైళ్లు, స్టూడియోవాళ్ల ఫోటోలు, జనం తెచ్చిచ్చే పట్టాలూ రెసిడెంట్ సర్టిఫికెట్ల స్కాన్లూ అన్నీ నా సిస్టంలోనే ఉంటాయి, అందుకే ఇలాంటివి చూస్తే ఒళ్లు మండిపోతాది.

మొదటి సీక్రెట్టు, ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్ పెట్టాలంట. పెట్టి డిలీట్ నొక్కి చూడండి, పోతాదా లేదా. పాత కార్డు తెరిచి కొత్త పేర్లు కొట్టి అలవాటుగా సేవ్ నొక్కితే అప్పుడు అడ్డుపడతాది, దాని పని అంతవరకే.

రెండోది కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ (ఫైళ్ల గుర్తులు మార్చే కమాండ్) కొట్టి ఫోల్డర్ని హిడెన్, సిస్టం రెండూ చేసీమన్నాడు. బాబూ, పెన్‌డ్రైవ్ షార్ట్‌కట్ వైరస్ చేసేది సరిగ్గా ఇదే కదా! కాలేజీ పిల్లలు ప్రింటుకి తెస్తారు, గుచ్చగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు, అసలువి అట్రిబ్‌తో దాచేసి ఉంటాయి. వైరస్ వేసే ఎత్తే వైరస్ మీద వెయ్యమంటాడు, అది భయపడి పారిపోతాది కాబోలు.

మూడోది "కాన్" అనే పేరుతో ఫోల్డర్. విండోస్‌కి ముందున్న డాస్ రోజుల నుంచి కాన్, పీఆర్‌ఎన్, ఆక్స్, నల్ ఇవన్నీ డివైస్‌లకి కేటాయించిన పేర్లు, మామూలుగా పెట్టుకోనివ్వదు, వాడు చెప్పిన అడ్డదారి పాత్‌తో (ఫోల్డర్ చిరునామాతో) అయితే తయారవుతాది, నిజమే. అదే పాత్ ముందర ఆర్‌డీ అని, ఫోల్డర్ తీసేసే కమాండ్, కొడితే పోతాది కూడా, ఆ సంగతి మాత్రం రాయలేదు. పైగా బ్యాకప్ తీద్దామంటే కాపీ అక్కడికొచ్చి తన్నుకుంటాది.

ఇక నాలుగోది. పై మూడూ పనికిరానివి, వదిలెయ్యొచ్చు, ఇది మాత్రం ప్రమాదం. మెసేజ్‌తో పాటు జిప్‌లో ఒక బ్యాట్ ఫైలు ఉంది చూశారా, "ముందు యాంటీవైరస్ ఆపండి, లేకపోతే తప్పుగా వైరస్ అని చూపిస్తాది, తర్వాత రైట్ క్లిక్ కొట్టి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇవ్వండి, పాస్‌వర్డ్ లాక్ పడిపోతాది" అని. నడపకండి, రైట్ క్లిక్ కొట్టి ఎడిట్ ఇవ్వండి, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాది. ముప్పై నలభై లైన్లు కూడా ఉండవు. అందులో ఒక లైను ఫోల్డర్ పేరు మార్చి కంట్రోల్ ప్యానెల్ అని, చుక్క పెట్టి వెనకాల ఒక పొడుగాటి నంబరు తగిలిస్తాది, ఆ నంబరు చూసి విండోస్ దాన్ని కంట్రోల్ ప్యానెల్ అనుకుంటాది, డబుల్ క్లిక్ కొడితే మీ ఫైళ్ల బదులు అదే తెరుచుకుంటాది. కింద లైన్లో మళ్లీ ఆ అట్రిబ్బే. ఇంకాస్త కిందకి వస్తే పాస్‌వర్డ్, నక్షత్రాలు లేవు ఏమీ లేవు, నోట్‌ప్యాడ్‌లో అచ్చు వేసినట్టు కనిపిస్తాది. తాళం వేసి తాళంచెవి దానికే కట్టి వెళ్లినట్టుంది. ఇంతకీ అందరికీ వచ్చింది ఒకటే ఫైలు కాబట్టి పాతపట్నంలోనూ గుణుపురంలోనూ బరంపురంలోనూ అందరి పాస్‌వర్డూ ఒకటే, శుభం. లోపల ఒక్క ఫైలు కూడా ఎన్‌క్రిప్ట్ అవదు, అంటే చదవలేని గుప్తలిపిలోకి మారదు, హిడెన్ ఫైళ్లూ సిస్టం ఫైళ్లూ కనిపించేలా పెట్టి ఫోల్డర్ మీద షిఫ్ట్ డిలీట్ కొడితే పాస్‌వర్డ్ అడక్కుండానే పోతాది. ఇదేటిది ఇక్కడ కంట్రోల్ ప్యానెల్ ఉంది అని ఎవడో సాఫు చేసేసినా చేసేస్తాడు.

అంతకన్నా పెద్ద గొడవ ఏటంటే, మొదట రాసినోడు మంచోడే అయ్యుండొచ్చు, ఇన్ని చేతులు మారాక మధ్యలో ఎవడో ఒక్క లైను కలిపినా మీకు తెలుస్తాదా? బ్యాట్ ఫైలు రాసింది రాసినట్టు చేసుకుపోతాది, దానికి అడ్మిన్ అధికారం ఇచ్చి, ఆపగలిగే యాంటీవైరస్‌ని కూడా మీ చేత్తోనే పడుకోబెట్టీమంటున్నాడు. మైక్రోసాఫ్ట్ ఏదో దాచిందంట! విండోస్ 10లో 2017 నుంచి కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఉంది, విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) ప్రొటెక్షన్ కింద, ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రాంలని మీరు చెప్పిన ఫోల్డర్లలో రాయనివ్వదు. పాత ప్రోగ్రాంలని కూడా ఒక్కోసారి ఆపుతాది, అలాంటివాటికి విడిగా అలౌ ఇచ్చుకోవాలి. అది పనిచెయ్యాలంటే విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆన్‌లో ఉండాలి, వీడేమో ఆపమంటాడు.

అయిదోది సెక్యూరిటీ ట్యాబ్‌లో ఎవ్రీవన్‌కి (అందరికీ) డినై, అంటే ఎవరికీ అనుమతి లేదని పెట్టడం. ఎవ్రీవన్‌లో నువ్వూ ఉన్నావు బావా. ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లో అసలు ఆ ట్యాబే ఉండదు, విండోస్ డ్రైవ్‌లకుండే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో అడ్మిన్ ఉన్నవాడు ఓనర్‌షిప్ లాక్కుని మార్చేస్తాడు. అయిపోయింది.

ఆరో దాంట్లో రెండు ముక్కలున్నాయి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో కాపీ పెట్టి దాన్ని "ఎప్పుడూ కనెక్ట్ చేసే ఉంచండి" అన్నాడు, అలా ఉంచితే రాన్సమ్‌వేర్‌కి సీ డ్రైవ్ ఎంతో అదీ అంతే. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు తగిలించి ఉన్న డ్రైవ్‌లని కూడా వదల్లేదు, విండోస్ దాచుకునే షాడో కాపీలని (ఫైళ్ల పాత నకళ్లని) సైతం తుడిచేసింది, దానికి అప్‌డేట్ మార్చిలోనే వచ్చినా వేసుకోనోళ్లే ఎక్కువ ఇరుక్కున్నారు. కాపీ అయ్యాక పీకెయ్యాలి, పీకి ఆ టేబుల్ సొరుగులోనే పెడితే కూడా లాభం లేదు, 2018లో తిత్లీ తుఫానుకి మన గజపతి జిల్లా ఎలా మునిగిందో చూశాం కదా, సిస్టం ఏ నీళ్లలో ఉంటే కాపీ ఆ నీళ్లలోనే ఉంటాది. ఒకటి ఇంట్లో, ఒకటి షాపులో, లేకపోతే పాతపట్నంలో చుట్టాలింట్లో.

రెండో ముక్క "ముఖ్యమైనవి డీవీడీలో రైట్ చేయించండి". చదివి నవ్వాను, ఈ రోజుల్లో డీవీడీ ఏటి అని. కానీ ఆలోచిస్తే ఇదొక్కటీ ముమ్మాటికీ నిజం. డీవీడీ-ఆర్‌లో రాసేది ఒక్కసారే, లేజర్ మార్చిన పొర మళ్లీ మొదటికి రాదు, డిస్క్‌ని ఫైనలైజ్ చేసి, అంటే ఇంకేమీ రాయడానికి లేకుండా మూసేశాక అడ్మిన్ అయినా వైరస్ అయినా అందులో ఒక్క అక్షరం మార్చలేరు. ఆ లైను రాసినోడూ మిగతావి రాసినోడూ ఒక్కడే అంటే నమ్మబుద్ధి కావట్లేదు. ఒక్కోదాంట్లో 4.7 జీబీ పడతాది, పెళ్లి వీడియోకి చాలదు గానీ పట్టాల స్కాన్లకీ కార్డు ఫైళ్లకీ బోలెడు. గీతలు పడకుండా, ఎండ తగలకుండా పెట్టుకోవాలి, రైట్ అయ్యాక ఒకసారి తెరిచి చూసుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌లకి డ్రైవ్ రావట్లేదు, యూఎస్‌బీది విడిగా కొనుక్కోవాలి.