కెరంబిట్ కొనండి, ఉల్లిపాయలు పక్కింట్లో కోయించుకోండి

ప్రతి మధ్యతరగతి ఇంట్లోనూ ఒక కెరంబిట్ ఉండి తీరాలన్నది నా నిశ్చితాభిప్రాయం. ఎరగనివారి కోసం చెబుతున్నాను. బాగా వంపు తిరిగి, పిడి చివర వేలు దూర్చుకునే రంధ్రంతో ఉండే చిన్న కత్తి ఇది. పుట్టిల్లు ఇండోనేషియాలోని పశ్చిమ సుమత్రా, మినాంగ్‌కబావు అనే జాతివాళ్ల సీమ. పులి పంజాను చూసి దీన్ని చేశారంటారు. మొక్కల వేళ్లు పెళ్లగించడానికీ, పొలం పనులకీ రైతులు వాడుకున్న పనిముట్టు అని కూడా అంటారు. అమ్మేవాళ్లు ఈ రెండో మాట దగ్గర గొంతు తగ్గిస్తారు. గడ్డి పీకే కత్తికి వేలకు వేలు ఎవరు పోస్తారు? పులి పంజా అంటే ఈఎంఐ మీదైనా కొంటారు.

మినాంగ్‌కబావుల్లో పొలమూ ఇల్లూ తల్లి నుంచి కూతురికి పోతాయి. మగపిల్లలు వయసొచ్చాక ఊరు దాటి బతుకుతెరువు వెతుక్కోవడం ఆచారం. ఆస్తి అక్కకి, బస్సు టికెట్ తమ్ముడికి అన్నమాట. అలా బయల్దేరినవాడికి నడుముగుడ్డలో ఇమిడే కత్తి ఒకటి ఉంటే ధైర్యమే కదా. అక్కడి సిలెక్ అనే యుద్ధవిద్యలో పులి పద్ధతి ఒకటుంది. నేలకు ఆనినంత కిందికి వంగి, ఎదుటివాడి కాళ్లు అందుకోవాలి. ఆ పనికి కెరంబిట్ సరిగ్గా సరిపోతుంది. నలభై దాటిన మన మోకాళ్లు ఆ భంగిమకు ఒప్పుకుంటాయా అన్నది ప్రత్యేకంగా చర్చించాల్సిన విషయం.

ఇక ఇంటి వాడకం. దీని పదును వంపు లోపలి వైపు ఉంటుంది. పీట మీద ఉల్లిపాయ పెట్టి నొక్కితే మొన ఒక్కటే తగిలి, ఉల్లిపాయ దొర్లుకుంటూ ఫ్రిజ్ కిందికి పోతుంది. వెన్న రాద్దామంటే బ్రెడ్డు చిరుగుతుంది. మొండిబారితే మరీ ఇబ్బంది: చదునైన సానరాయి ఆ వంపులో దూరదు. వీధిలో సాన పట్టేవాడికి ఇస్తే అటు తిప్పి, ఇటు తిప్పి, "దీంతో ఏం కోస్తారు సార్?" అని అడుగుతాడు. ఈ ప్రశ్నకు జవాబు తయారుగా పెట్టుకోకుండా కొనొద్దని మనవి.

వేలికి తగిలించి గిరగిరా తిప్పే రీల్స్ చూశాం. మనం తిప్పడం అయ్యేదాకా శత్రువు మర్యాదగా నిలబడతాడన్న నమ్మకం మీద నడిచే విద్య అది. చూడ్డానికి బాగుంటుంది, కాదనను.

నేను వంక పెట్టలేని కెరంబిట్ ఒక్కటే ఉంది. 2013లో కౌంటర్ స్ట్రైక్ అనే వీడియో గేమ్‌లోకి వచ్చిన బొమ్మ కత్తి అది. డబ్బు కట్టి పెట్టె తెరవాలి, అందులో ఏదో ఒక కత్తి దొరికే అవకాశం దాదాపు 0.26 శాతం. దానికి సాన అక్కర్లేదు, వేలు తెగదు. తెగేది జేబొక్కటే. మన కుర్రాళ్లు బీటెక్ సబ్జెక్టుల కంటే దీని రంగుల తేడాలు బాగా చెప్పగలరు.

సుమత్రా అడవుల్లో అసలు పులులు 600 కూడా మిగల్లేదని అంచనా. మన దగ్గర మెళ్లో నిజం పులిగోరు వేసుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. ఉక్కు పులిగోరుకి ఆ టెన్షన్ లేదు, ఆర్డర్ పెడితే గుమ్మంలోకొస్తుంది. అది వచ్చే అట్టపెట్టె టేపు కోయడానికి మాత్రం వంటింటి చాకు సిద్ధంగా ఉంచుకోండి.