కాగితానికి ఎర్రర్ రాదు

కంప్యూటర్ కోర్సులో చేరిన పిల్లల చేత కంప్యూటర్ మీదే పరీక్ష రాయించాలని ఈమధ్య కొందరు పట్టుబడుతున్నారు. ప్రోగ్రాములు కాగితం మీద రాయించడమేమిటి, ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టు, అని వాళ్ల ఎద్దేవా. ఏళ్ల తరబడి ఆ పేపర్లు దిద్దుతున్నవాడిగా దీనికి జవాబు చెప్పడం నా బాధ్యత. ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకున్నవాడు ఇంతవరకూ ఒక్కడైనా మునిగాడా?

మాది ఆషామాషీ సంప్రదాయం కాదు. 1843లో ఇంగ్లండుకు చెందిన గణితజ్ఞురాలు అడా లవ్‌లేస్, గణితంలో బెర్నౌలీ సంఖ్యలనే ఒక వరుసను లెక్కగట్టే పద్ధతిని పట్టికగా వేసి అచ్చు వేయించింది. మొట్టమొదటి కంప్యూటర్ ప్రోగ్రామ్ అదేనని చాలామంది అంటారు. దాన్ని నడపాల్సిన చార్లెస్ బాబేజ్ యంత్రం మాత్రం ఆయన బతికుండగా తయారే కాలేదు. అంటే ఈ శాస్త్రం పుట్టిందే ల్యాబు లేని చోట. పైగా ఆ అచ్చయిన పట్టికలో ఒక భాగహారం తలకిందులుగా పడింది. కాగితం కిక్కురుమనలేదు. కంప్యూటరైతే తప్పు జవాబు చూపించి పరువు తీసేది.

కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడైన అలన్ ట్యూరింగ్ చదరంగం ఆడే ప్రోగ్రామ్ రాశాడు. దాన్ని నడపగల కంప్యూటర్ లేకపోవడంతో 1952లో తనే కంప్యూటరై, కాగితం మీద లెక్కలు కట్టుకుంటూ, ఒక్కో ఎత్తుకూ అరగంట తీసుకుని ఆడాడు. ఓడిపోయాడనుకోండి. మా దగ్గరైతే స్టెప్పులకు మార్కులు పడేవి.

ఇక మా విద్యార్థుల సంగతికొస్తాను. సి భాషలో ఏ ప్రశ్న అడిగినా, ప్రోగ్రామ్ మొదలయ్యే ‘మెయిన్’ తెరవగానే మొదట కంప్యూటర్ తెరను తుడిచే క్లియర్‌స్క్రీన్ రాస్తారు. అది సి ప్రమాణంలో ఎక్కడా లేని ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే ఆజ్ఞ. 1987లో వచ్చిన టర్బో సి అనే కంపైలర్ (ప్రోగ్రామ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చి, రాతలో తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్) తెచ్చిపెట్టిన అలవాటు. ఆ కంపైలర్ కాలం చెల్లినా అలవాటు చెల్లలేదు. తెల్ల కాగితాన్ని ముందుగా శుభ్రం చేసి గానీ మావాళ్లు పని మొదలుపెట్టరు. చివర ఏదైనా కీ నొక్కేదాకా ఆగమని ఇంకో ఫంక్షన్ రాస్తారు. ఆ కాగితాలు బీరువాలో ఇప్పటికీ ఆగే ఉన్నాయి.

సి భాషలో వాక్యం చివర పెట్టే సెమికోలన్ పెట్టాలో వద్దో అనుమానం వచ్చిన చోట ఒక చుక్క పెట్టి వదిలేస్తారు. అది సెమికోలనా, కామానా, పెన్ను కక్కిన సిరానా అన్నది దిద్దేవాడి దయ. ఇంత దయగల కంపైలర్‌ని ఎవరైనా తయారుచేశారా?

వేగంలో కూడా మాదే పైచేయి. ముందు రెండు సంఖ్యలు కలిపితే తరవాతిది వచ్చే ఫిబొనాచీ వరుసలో నలభయ్యో సంఖ్య కోసం మామూలు రికర్షన్ రాస్తే ఆ ఫంక్షన్ తనను తాను పిలుచుకుంటూ 33 కోట్ల సార్లకు పైగా నడుస్తుంది. చేసిన లెక్కే మళ్లీ మళ్లీ చేసుకుంటుంది పాపం. మావాడు ప్రోగ్రామ్ కింద ‘ఔట్‌పుట్’ అని రాసి, గీత కొట్టి, పక్కవాడి పేపర్లోంచి 102334155 అని దించేస్తాడు. రెండు సెకన్లు. లూపు ఒకసారి తక్కువ తిరిగినా, అసలు తిరగకపోయినా ఔట్‌పుట్ సరిగ్గానే వస్తుంది.

ఇదంతా ఉద్యోగానికి పనికొస్తుందా అని అడుగుతారు. కంపెనీలు ఇంటర్వ్యూలో ఏం చేస్తాయో ఒకసారి చూడండి. లక్షల మందికి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే సంస్థ, ఎదురుగా వచ్చిన అభ్యర్థికి మార్కర్ ఇచ్చి బోర్డు మీద లింక్డ్ లిస్ట్‌ని, అంటే గొలుసులా కట్టిన డేటాని, తిప్పి రాయమంటుంది. బోర్డు అంటే నిలబెట్టిన కాగితమే కదా! ఆ ఒక్క గంట గట్టెక్కాక మిగతావి ఉద్యోగంలో నేర్చుకోవచ్చు. ప్రోగ్రామ్‌లో చేసిన మార్పులన్నీ భద్రపరిచే గిట్ అంటారా, అది 2005 నుంచీ ఉంది, మేమూ చెబుతున్నాం. ‘గిట్ వల్ల లాభాలు అయిదు రాయండి’ అన్నది మా దగ్గర తప్పకుండా వచ్చే ప్రశ్న. అయిదూ రాసినవాళ్లలో ఒక్కసారైనా కమిట్ చేసి అందులో మార్పు భద్రపరిచినవాళ్లెవరో అడగడం మర్యాద కాదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. ఇంటి దగ్గర చేసి తెమ్మన్న అసైన్‌మెంట్లన్నీ ఉన్నట్టుండి ఒకే రకంగా, ఒకే అందంతో రావడం మొదలైంది. దాంతో అదివరకు మమ్మల్ని చూసి నవ్విన కాలేజీల్లోనూ కొన్ని చేతిరాత పరీక్షల వైపు మళ్లాయి. మేము వెనకబడి ఉన్నామని అన్నారు గానీ, కాలమే తిరిగి మా దగ్గరికొచ్చింది.

జాగ్రత్త కోసం మేము అసైన్‌మెంట్లు కూడా చేత్తోనే రాయాలని రూలు పెట్టాం. మొన్న మొదటి పుస్తకం తెరిచాను. ముత్యాల్లాంటి అక్షరాలు, స్కేలు పెట్టి గీసిన మార్జిన్, కొట్టివేత ఒక్కటీ లేదు. పై వరుసలో ‘తప్పకుండా! మీరు అడిగిన ప్రోగ్రామ్ ఇదిగో’ అని ఉంది. దాని కింద రెండు గీతలు. ఉపోద్ఘాతం కింద ఒక మార్కు వేశాను. ప్రోగ్రామ్‌లో తప్పు దొరకలేదు. సెమికోలన్లు కూడా సెమికోలన్లలాగే ఉన్నాయి. పేజీ చివర ‘ఇంకేమైనా సాయం కావాలా?’ అని రాసి ఉంది.

బల్ల మీద ఇంకా అరవై మూడు పుస్తకాలున్నాయి. ఎర్ర పెన్నుతో దాని పక్కనే ‘కావాలి’ అని రాశాను.