ఫిన్లాండ్ పిల్లల పుస్తకాల్లో భయమే ఉండదా? ఎవరు చెప్పారండీ!

అమ్మానాన్నల గ్రూపుల్లో ఈ మధ్య ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: ఫిన్లాండ్, స్వీడన్ లాంటి దేశాల పిల్లల పుస్తకాల్లో భయం, చావు, ఏడుపు ఉండవట, అంతా ఆటాపాటానేనట; ఏడేళ్ళు వచ్చేదాకా అక్కడ పిల్లల చేతికి పుస్తకమే ఇవ్వరట; తరతరాలుగా వస్తున్న మూమిన్ జానపద కథలు చెప్పి పెంచుతారట; అందుకే ఆ పిల్లలు ప్రపంచంలోకెల్లా సంతోషంగా ఉంటారట; కాబట్టి మనం బేతాళుణ్ణీ రాక్షసుల్నీ పిల్లల పుస్తకాల్లోంచి వెంటనే తీసేయాలట. ఇంత పొడుగు మెసేజ్‌లో ఒక్క పుస్తకం పేరు లేదు. రాసినవాళ్ళు ఒక్కటైనా తెరిచి చూశారా అని అక్కడే అనుమానం వచ్చింది.

ముందు భయం సంగతి. మూమిన్లంటే నీటిగుర్రంలాంటి మూతీ, తోకా ఉన్న కల్పిత జీవుల కుటుంబం. ఆ కథలు రాసింది టూవె యాన్సన్ (1914–2001), హెల్సింకీలో పుట్టిన చిత్రకారిణి. మొదటి కథ మొదలుపెట్టింది 1939 చలికాలంలో, అంటే సోవియట్ యూనియన్ ఫిన్లాండ్ మీద యుద్ధానికి దిగి హెల్సింకీ మీద బాంబులు వేసిన రోజుల్లో. అది పుస్తకంగా వచ్చేసరికి 1945 అయింది. అందులో తల్లీ కొడుకూ తప్పిపోయిన తండ్రిని వెతుక్కుంటూ వరదలో పడి పోతుంటారు. మరుసటేడు వచ్చిన రెండో పుస్తకంలోనైతే తోకచుక్క భూమి మీద పడుతుందని అందరూ హడలిపోతుంటారు, సముద్రం ఎండిపోతుంది. ఇదేనా ఆటాపాటా?

ఇంతకంటే నన్ను భయపెట్టింది యాన్సన్ 1962 కథల సంపుటిలోని నిన్నీ అనే పాప. ఇష్టం లేకుండా పెంచిన ఒకావిడ పొద్దస్తమానం వెటకారంగా మాట్లాడీ మాట్లాడీ, ఆ పాప కనపడకుండా పోయింది. నిజంగానే మాయమైపోయింది. వాన పడే ఒక సాయంత్రం మూమిన్ ఇంట్లో అందరూ బల్ల చుట్టూ కూర్చుని పుట్టగొడుగులు శుభ్రం చేసుకుంటుంటే ఆ పిల్లని తెచ్చి అప్పజెప్తారు. కనిపించేది మెడలో కట్టిన చిన్న గంట ఒక్కటే. మూమిన్ అమ్మ వాళ్ళ బామ్మగారి పాత నోట్‌బుక్ తిరగేసి ఏదో మందు కలిపిస్తుంది (ఈ వైద్యం మనకూ తెలిసిందే). ముందు పాదాలు కనపడతాయి, తర్వాత కాళ్ళు, అమ్మ తన గులాబీరంగు శాలువా కత్తిరించి గౌను కుట్టి ఇస్తే మెడ దాకా కనపడుతుంది, మొహం మాత్రం రాదు. నీకు కోపమే రాదు, అదే నీ రోగం అని లిటిల్ మై అనే చిచ్చరపిడుగు తేల్చేస్తుంది. చివరికి ఒకరోజు మూమిన్ నాన్న సరదాకి అమ్మని నీళ్ళలోకి తోసేయబోతున్నట్టు నటిస్తే, నిన్నీ అది నిజమనుకుని ఆయన తోక పట్టుకుని కసుక్కున కొరికేస్తుంది, అప్పుడు బయటపడుతుంది ఎర్రజుట్టు కింద మొహం. వెటకారాలు పడీ పడీ నోరు మూసుకుపోయిన పిల్లలు మన ఇళ్ళల్లో లేరా?

చావు ఉండదన్నమాటకి స్వీడన్ వాళ్ళే జవాబు చెప్తారు. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ 1973లో రాసిన లయన్‌హార్ట్ అన్నదమ్ముల కథలో, మంటలంటుకున్న ఇంట్లోంచి జబ్బుపడ్డ తమ్ముణ్ణి వీపున వేసుకుని అన్న కిందికి దూకి చనిపోతాడు, అదీ కథ మొదట్లోనే. తర్వాత కొన్నాళ్ళకే తమ్ముడూ పోతాడు. ఆవిడే రాసిన, అంత నవ్వించే పిప్పీ అనే పిల్లకీ తల్లి లేదు, తండ్రి సముద్రంలో కొట్టుకుపోయాడు. ఇక డెన్మార్క్ అండర్సన్ రాసిన అగ్గిపుల్లల పాప 1845 నుంచీ చలికి చచ్చిపోతూనే ఉంది.

ఏడేళ్ళ దాకా పుస్తకం ఇవ్వరన్నది సగం విని రాసిన మాట. ఫిన్లాండ్‌లో ఒకటో తరగతి మొదలయ్యేది ఏడేళ్ళు వచ్చే ఏడాదిలో, అంతవరకే నిజం. దానికి ముందు ఏడాది ప్రీస్కూలు 2015 నుంచి తప్పనిసరి, అంతకుముందు డేకేర్‌లో టీచర్లు కథలు చదివి వినిపిస్తారు, లైబ్రరీలో పుస్తకం తెచ్చుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. అక్షరాలు దిద్దించే తొందర లేదు, అంతే. మన ప్లేస్కూళ్ళ మీద కోపముంటే నేరుగా వాటినే అనొచ్చు.

మూమిన్ జానపదమూ కాదు, తరతరాలదీ కాదు. ఒక్క మనిషి కూర్చుని, బొమ్మలు కూడా తనే వేసుకుని, స్వీడిష్‌లో రాసిన కథలు అవి. జానపదమే కావాలంటే ఎలియాస్ లోన్‌రోట్ ఊళ్ళు తిరిగి పాటలు సేకరించి 1835లో అచ్చువేసిన ఫిన్లాండ్ వీరగాథ కలేవల ఉంది, దాన్నే అక్కడి పిల్లల రచయిత మౌరి కున్నస్ 1992లో కుక్కల్ని పాత్రలు చేసి పిల్లల బొమ్మల పుస్తకంగా తెచ్చాడు. అందులోనూ యుద్ధాలున్నాయి మరి.

సంతోషం ర్యాంకు మాటకొస్తే, ఏటా వచ్చే ప్రపంచ సంతోష నివేదికలో 2018 నుంచి ఫిన్లాండ్ మొదటి స్థానంలో ఉన్నది నిజమే. కానీ ఆ సర్వే చేసేది పిల్లల మీద కాదు, 15 ఏళ్ళు పైబడినవాళ్ళని మీ జీవితానికి సున్నా నుంచి పది దాకా ఎన్ని మార్కులేస్తారని అడుగుతారు. ఇందులో కథల పుస్తకాలు ఎక్కడినుంచి వచ్చాయి? పైగా అదే ఫిన్లాండ్ పిల్లలకి పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో (15 ఏళ్ళ విద్యార్థులకి పెట్టేది) చదవడంలో వచ్చిన స్కోరు 2000లో 546 ఉంటే 2022లో 490కి పడిపోయింది, దానిమీద వాళ్ళకే బోలెడు టెన్షన్ ఉంది.

ఇక బేతాళుణ్ణి తీసేయమనే సలహా. మూమిన్ కథల్లో గ్రోక్ అనే భూతం ఉంది, అది కూర్చున్నచోట నేల గడ్డకట్టుకుపోతుంది, దాన్ని చూస్తే అందరికీ హడల్. 1965లో వచ్చిన పుస్తకంలో మూమిన్ పిల్లాడు రోజూ రాత్రి లాంతరు పట్టుకుని దాని కోసమే సముద్రపు ఒడ్డుకి వెళ్తాడు, ఎందుకంటే పాపం దానికి వెలుతురంటే ఇష్టం. మన విక్రమార్కుడూ శవాన్ని భుజాన వేసుకునే కదా కథలు వింటాడు. భయపెడుతున్నాడని బేతాళుణ్ణి తీసేస్తే అదే లెక్కన గ్రోక్‌ని తీసేయాలి, నిన్నీని తీసేయాలి, లయన్‌హార్ట్ అన్నదమ్ముల్ని తీసేయాలి. ఆ తర్వాత ఈ ఫార్వర్డ్ అంతగా పొగిడిన పుస్తకాల్లో మిగిలేవి అట్టలే.