మహారాజశ్రీ సాయంకాలపు సిట్టింగ్ గారికి

మహారాజశ్రీ సాయంకాలపు సిట్టింగ్ గారి దివ్యసముఖమునకు, కోకాపేటలోని ఒక టవరు సైటు నుంచి ఒక సీనియర్ సివిల్ ఇంజనీరు నమస్కరించి వ్రాయునది.

నిన్న మహిళా దినోత్సవం కావడంతో మా సంస్థ మహిళా ఇంజనీర్లకు నెట్‌వర్కింగ్ సదస్సు జరిపి, గులాబీరంగు హెల్మెట్లు పంచి, ముగ్గుల పోటీ పెట్టింది. తెరమీద జమ్మూకశ్మీర్‌లోని చీనాబ్ రైలు వంతెనను చూపించి, దాని పునాదులున్న కొండవాలును నిలబెట్టే పనిలో 17 ఏళ్లు గడిపిన ప్రకాశం జిల్లా ఆడపడుచు, ప్రొఫెసర్ జి. మాధవీలత గారిని ఆదర్శంగా తీసుకోమన్నారు. సంతోషంగా తీసుకున్నాం. చీకటి పడకముందే మమ్మల్ని ఇళ్లకు సాగనంపి, పెద్దలందరూ తమ సన్నిధికి వేంచేశారు. తెల్లవారేసరికి కొత్త టవరుకు ప్రాజెక్టు మేనేజరు ఖరారయ్యారు. ఆ పోస్టుకు ఇంటర్వ్యూ ఉంటుందని నాకు మాట ఇచ్చిన పెద్దమనిషి కూడా అక్కడే ఉన్నారట.

తమ మహిమ నాకు తెలియనిది కాదు. జరిగినంత పనికి కాంట్రాక్టరు పెట్టుకుంటే ఆఫీసులో నెలల తరబడి నలిగిన రన్నింగు బిల్లు తమ సమక్షంలో ఇట్టే కదులుతుంది. ఏ సైటు ఎప్పుడు మొదలవుతుందో, ఎవరు మానేస్తున్నారో ముందు తమ చెవినే పడుతుంది. మేము పోసిన కాంక్రీటును 7వ రోజున, 28వ రోజున నమూనా క్యూబులు పగలగొట్టి చూస్తే తప్ప ఎవరూ నమ్మరు గానీ, మనిషి సత్తాను మాత్రం తమరు రెండో గ్లాసులో సోడా పోసేలోపే తేల్చేస్తారు. నేనూ తమ దర్శనానికి రావచ్చు కదా అంటారేమో. వస్తే మర్నాడు సైటులో ఏమనుకుంటారో, రాకపోతే "మేడమ్‌కు కలుపుగోలుతనం లేదు" అని అప్రైజల్‌లో ఎవరు రాస్తారో తమకే బాగా తెలుసు.

నాకు ఆ పోస్టు ఇవ్వకపోవడానికి చెప్పిన కారణం, రాత్రి కాంక్రీటు పనులు ఆడవాళ్లకు ఇబ్బంది అని. పునాది పలక అయిన రాఫ్ట్ వేసిన రాత్రి కాంక్రీటు పంపు మొరాయిస్తే, ముందు పోసినదీ తర్వాత పోసినదీ అతుక్కోని కోల్డ్ జాయింట్ పడకుండా తెల్లవార్లూ నిలబడి పని నడిపించింది ఎవరో అక్కడ ఒక్కరికీ గుర్తు రాలేదు. ఇబ్బంది లేదనను. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం కట్టిన మరుగుదొడ్డికి ఆ రాత్రి తాళం వేసి ఉంది; తాళంచెవి తమ సన్నిధిలో ఉన్న స్టోర్‌కీపరు జేబులో ఉంది.

అసలు నా ఉద్యోగం మీద తీర్పు చెప్పడానికి నువ్వెవరు? నా పేరు ఎత్తిందెవరు, కాదన్నదెవరు, ఏ లెక్కన కాదన్నారు అని అడుగుదామంటే నీకు ఒక మినిట్స్ పుస్తకమైనా లేదు. నేను ఓడిపోతే పోతాను. పట్టపగలు, సైటు ఆఫీసులో, కాగితాలు ముందు పెట్టుకుని ఓడించమను.

నువ్వు ఎంపిక చేసిన ప్రాజెక్టు మేనేజరు మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, బేస్‌మెంటు రిటైనింగ్ వాల్‌కు సవరించిన డ్రాయింగు ఎక్కడుందని అడిగారు. నిన్ను అడగమన్నాను.