కేజీ బేసిన్ కథ అప్పుడే మరిచిపోయారా?

అండమాన్ సముద్రంలో గ్యాస్ జాడ కనిపించిందని ఢిల్లీ ప్రకటించింది మొదలు, ఇంధన పొదుపు గురించి మాట్లాడేవాళ్లు పెళ్లింట్లో తుమ్మినవాళ్లలా కనిపిస్తున్నారు. 2025 జూన్‌లో పెట్రోలియం మంత్రి హర్‌దీప్ సింగ్ పూరి అండమాన్ మరో గయానా (సముద్రంలో భారీగా చమురు దొరికిన దక్షిణ అమెరికా దేశం) కావచ్చన్నారు, సెప్టెంబరులో శ్రీవిజయపురం-2 బావిలో గ్యాస్ ఉన్నట్టు చెప్పారు, ఇక పండగే. ప్రకటన వచ్చేనాటికి అక్కడ ఎంత ఉందో, అందులో పైకి తీయగలిగింది ఎంతో, తీస్తే గిట్టుబాటు అవుతుందో లేదో ఏదీ తేలలేదు. టీవీ చర్చల్లో మాత్రం మనం గల్ఫ్ దేశమైపోయాం.

మిగతా దేశం మురిసిపోతే అర్థం చేసుకోవచ్చు. గోదావరి జిల్లాల జనానికి కూడా ఇదే కథ కొత్తగా చెబుతారా?

2002లో కాకినాడకు ఎదురుగా సముద్రంలో, కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో డీ6 అనే గ్యాస్ నిక్షేపం బయటపడ్డప్పుడు కూడా ఇదే హడావుడి. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది, రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామన్నారు, 2010లో 6 కోట్లు దాటింది, ఆ తర్వాత మూడేళ్లు తిరక్కుండానే నాలుగో వంతుకు పడిపోయింది. ఆ గ్యాస్‌ను నమ్ముకుని కట్టిన వేమగిరి, గౌతమి, కోనసీమ, జేగురుపాడు విస్తరణ విద్యుత్ ప్లాంట్లు నాలుగు రోజులు తిరిగి 2013 నాటికి మూలనపడ్డాయి. సామర్లకోటలో ఏకంగా 2,400 మెగావాట్ల ప్లాంటు కట్టారు, దానికి గ్యాస్ రానే లేదు, చివరికి అందులో కొంత యంత్రసామగ్రిని బంగ్లాదేశ్‌కు తరలించారు. వాటికి అప్పులిచ్చిన ప్రభుత్వ బ్యాంకుల్లో ఉన్నది ఎవరి డబ్బో వేరే చెప్పాలా? ఇదే తీరంలో 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని చాటింది, అందులో చెప్పుకోదగ్గంత ఎప్పుడూ బయటికి రాలేదు, 2017లో ఆ బ్లాకులో 80 శాతం వాటాను సుమారు 8 వేల కోట్లకు కేంద్ర ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ నెత్తిన పెట్టారు. ప్రకటన చేసినవాళ్లలో ఒక్కరైనా జవాబు చెప్పారా?

పోనీ ఈసారి అదృష్టం పండి నిజంగానే గయానా అంత దొరికిందనుకుందాం. గయానా చమురు నిల్వలు దాదాపు 1,160 కోట్ల బ్యారెళ్లు. మన దేశం రోజుకు తాగుతున్న చమురు సుమారు 55 లక్షల బ్యారెళ్లు. భాగించి చూడండి, ఆరేళ్లకు కూడా సరిపోదు! అదీ వాడకం ఇప్పుడున్న చోటే ఆగితే. ఆగడం లేదు.

దేశంలో దొరికే ప్రతి చుక్కా దిగుమతి బిల్లు తగ్గిస్తుందని కొందరంటారు. వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తున్నప్పుడు ఆ మాట కాదనలేం, తవ్వొద్దని మేమూ అనడం లేదు. కానీ ఎక్కడో ఏదో దొరికిందన్న వార్త రాగానే వాడకం తగ్గించే పనులన్నీ అటకెక్కుతున్నాయి. డీ6 రోజుల్లో జరిగింది అదే, ఇప్పుడు మళ్లీ అదే మొదలైంది. కేజీ బేసిన్ నేర్పింది ఏమీ లేదన్నట్టు పాలకులు నడుచుకుంటున్నారు.

ఇథనాల్ సంగతీ చూడండి. పెట్రోల్‌లో 20 శాతం కలిపేశామని గొప్పలు, అందుకోసం ఎఫ్‌సీఐ గోదాముల్లోని బియ్యాన్ని కూడా ఫ్యాక్టరీలకు ఇస్తున్నారు, మరోపక్క ఆ ఫ్యాక్టరీ మా ఊళ్లో వద్దని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జనం రోడ్డెక్కారు. ట్యాంకులో ఏం పోయాలన్న ఆలోచనే తప్ప, అసలు అన్ని ట్యాంకులు నింపాల్సిన అవసరం ఎందుకొస్తోందని ఒక్కరూ అడగరు.

ఎందుకొస్తోందో బస్టాపులో నిలబడితే తెలుస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చారు, మంచిదే, ఇంధనం ఆదా చేసే పథకాల్లో ఇంతకంటే పెద్దది ఇంకోటి లేదని మేం అంటాం. అయితే ఎక్కేవాళ్లు పెరిగినంతగా బస్సులు పెరగలేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడలేక, గంటసేపు ఎదురు చూడలేక మగవాళ్లూ, ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లూ ఈఎంఐ మీద స్కూటర్ కొనుక్కుంటున్నారు. ఒక బస్సు తగ్గితే రోడ్డెక్కే బళ్లెన్నో రవాణా శాఖకు తెలీదా? ఫ్లైఓవర్లకు మాత్రం డబ్బులు ఎక్కణ్నుంచైనా వస్తాయి, వాటి ప్రారంభోత్సవానికి నాయకులు ఎన్ని కార్లలో వస్తారో లెక్కపెట్టే ఓపిక మాకు లేదు.

విశాఖ, విజయవాడ మెట్రోల సాధ్యాసాధ్యాలు ఏడాదిలో తేల్చాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. పదేళ్లు దాటినా అవి కాగితాల మీదే పరిగెడుతున్నాయి.

విద్యుత్ వాహనాలకు పన్ను ఎత్తేసిన తెలంగాణను మెచ్చుకోవాల్సిందే. కానీ దేశంలో కరెంటులో దాదాపు ముప్పావు వంతు బొగ్గు నుంచే వస్తోంది, అంటే ఆ బండి పెట్రోల్ బంకు మానేసి సింగరేణి గనికి క్యూ కట్టినట్టే. ఇళ్ల మీద సోలార్ పలకలు పెరిగితేనే ఆ లెక్క మారేది. మూడు కిలోవాట్లకు కేంద్రం 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తోంది, దాన్ని ఇంటింటికీ తీసుకెళ్లాల్సింది కరెంటు పంపిణీ చేసే డిస్కంలే. వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇవ్వండి, రైతుకు అది కావాలి, దాంతోపాటు కరెంటు మింగే పాత మోటార్లు తీసేసి కొత్తవి బిగించండి. ఇవేవీ కొత్త కబుర్లు కావు, ప్రభుత్వ ఫైళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. సముద్రంలో బావి తవ్వితే ఫొటో వస్తుంది, పొలంలో మోటారు మారిస్తే రాదు, అంతే తేడా.

కాబట్టి మంత్రులకూ ఎంపీలకూ ఒకటే చెబుతున్నాం. అండమాన్ గురించి ఇంకో ప్రసంగం చేసేముందు రాజమహేంద్రవరం రైలెక్కండి, ఆ చుట్టుపక్కల మూతబడిన గ్యాస్ ప్లాంట్ల గేట్ల దగ్గర కాసేపు నిలబడండి. తర్వాత ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వెళ్లి, సాయంత్రం ఆరింటప్పుడు ఏదైనా పల్లెవెలుగు ఎక్కి చూడండి. కాన్వాయ్ వద్దు, టికెట్ కొనుక్కోండి.