బిడ్డను తీసుకెళ్తారన్న భయం ఉంటే తల్లి నిజం ఎలా చెబుతుంది?

ఆస్ట్రేలియాలో గర్భిణులకు, కొత్తగా తల్లులైనవాళ్ళకు పది ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు. గత ఏడు రోజుల్లో నవ్వగలిగారా, ఏ కారణం లేకుండా భయమేసిందా, చివరికి, తమకు తాము హాని చేసుకోవాలనిపించిందా అని అడుగుతారు. 1987లో స్కాట్లాండ్‌లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళి ఇది. ఎంతోమంది తల్లుల డిప్రెషన్‌ని ముందే పట్టించింది, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఒక అబోరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసీ) తల్లి దాన్ని చదువుతున్నప్పుడు ఆమె మనసులో ఇంకో ప్రశ్న తిరుగుతుంటుంది: నిజం చెబితే నా బిడ్డను నా దగ్గర ఉంచుతారా?

అది ఊరికే వచ్చిన భయం కాదు. 1910 నుంచి 1970 దాకా ప్రభుత్వాలు, చర్చి మిషన్లు కలిసి అబోరిజినల్ పిల్లల్ని తల్లుల ఒడి నుంచి లాక్కెళ్ళాయి. ముగ్గురిలో ఒకరినా, పదిమందిలో ఒకరినా అన్న లెక్క కూడా 1997 నాటి విచారణ నివేదిక కచ్చితంగా తేల్చలేకపోయింది. 2008లో ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. మరి ఆ తర్వాతైనా ఆగిందా? దేశంలోని పిల్లల్లో ఆదివాసీలు 6 శాతం దాకా ఉంటే, ఇంటికి దూరంగా ప్రభుత్వ సంరక్షణలో పెరుగుతున్న పిల్లల్లో వాళ్ళు 40 శాతానికి పైనే. బిడ్డ కడుపులో ఉండగానే శిశు సంరక్షణ శాఖకు ఫిర్యాదు వెళ్ళే వీలు కూడా ఉంది. అమ్మమ్మ అనుభవించిన కడుపుకోత ఇంట్లో ఇంకా మాట్లాడుకుంటుండగా, "అంతా బాగానే ఉంది" అని టిక్కు పెట్టే తల్లిది అజ్ఞానం కాదు, బిడ్డను కాపాడుకునే తెలివి. ఆ టిక్కుని చూసి ఆమె ఆరోగ్యంగా ఉందని రాసుకునే వ్యవస్థదే తప్పు.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీలో ఇంకో దారి పట్టారు. అక్కడి అబోరిజినల్ మహిళలతో కలిసి కూర్చుని, వాళ్ళ మాటల్లో, బొమ్మలతో ప్రశ్నలు మళ్ళీ తయారుచేశారు. అసలు విలువ ఆ ప్రశ్నావళి రెండో భాగంలో ఉంది: జవాబులకు వచ్చే మార్కుల దగ్గర ఆగిపోకుండా, తల్లితో తీరిగ్గా కబుర్లలా మాట్లాడి, ఇల్లు ఎలా ఉంది, తోడెవరున్నారు, చిన్నప్పుడు ఏం జరిగింది, ఏది బలాన్నిస్తోంది అని తెలుసుకున్నాకే ఒక నిర్ణయానికి వస్తారు.

సాంస్కృతిక భద్రత, అంటే తమ సంస్కృతి వల్ల చిన్నచూపు, భయం లేకుండా వైద్యం పొందగలగడం, అన్న ఆలోచనను ముందుకు తెచ్చిన న్యూజిలాండ్ మావోరీ (అక్కడి ఆదివాసీ) నర్సు ఇరిహపెటి రామ్స్‌డెన్ చెప్పింది కూడా ఇదే: సేవ భద్రంగా ఉందో లేదో తేల్చాల్సింది ఇచ్చేవాళ్ళు కాదు, పొందేవాళ్ళు. గోడ మీద అబోరిజినల్ చిత్రం వేలాడదీసి, సిబ్బందికి ఒక పూట ట్రైనింగ్ ఇచ్చి అయిపోయిందనుకుంటే ఆ మాటకు అర్థమే లేదు.

ఇంకో సంగతి. మారుమూల ఊళ్ళలో కాన్పుకి వారాల ముందే గర్భిణిని పట్టణానికి పంపేస్తారు. ఆమె తల్లి, పెద్దమ్మలు, పెద్ద పిల్లలు ఊళ్ళోనే ఉండిపోతారు. ఆ ఒంటరితనాన్ని వైద్యమే సృష్టించి, తర్వాత డిప్రెషన్ ఉందా అని అడగడం ఏం న్యాయం? బ్రిస్బేన్‌లో 2013లో ఆదివాసీ ఆరోగ్య సంస్థలు, ఒక పెద్ద ప్రసూతి ఆసుపత్రి కలిసి మొదలుపెట్టిన కార్యక్రమంలో ప్రతి తల్లికీ తెలిసిన మిడ్‌వైఫ్, తమవాళ్ళే అయిన సహాయకులు దొరికారు. నెలలు నిండని కాన్పులు బాగా తగ్గాయి. పెత్తనం, డబ్బు ఆ సమాజం చేతికి వస్తే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించలేదు.

పెర్త్‌లోనో మెల్‌బోర్న్‌లోనో నర్సులుగా, డాక్టర్లుగా ఆ కాగితం అందిస్తున్నవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. చట్టప్రకారం కొన్ని విషయాలు శిశు సంరక్షణ శాఖకు చెప్పక తప్పదు, నిజమే. అయితే అవేమిటో ప్రశ్నలు మొదలుపెట్టకముందే తల్లికి చెప్పండి. నిద్ర పట్టడం లేదని, ఏడుపొస్తోందని అన్నంత మాత్రాన బిడ్డను ఎవరూ తీసుకుపోరని మీరు నిజంగా హామీ ఇవ్వగలిగితే ఆ మాట ఇవ్వండి. ఇవ్వలేకపోతే, ఎందుకు ఇవ్వలేకపోతున్నారో మీ పైవాళ్ళని అడగండి.